మోల్డ్ లింకర్: ఎనిమిది నెలలు వాడినాక రాస్తా ఉండా, ఐదుకి నాలుగు స్టార్లు

మోల్డ్ అనేది లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రాంగా కట్టే టూల్. పేరు విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. మోల్డ్ అంటే ఇంగ్లీషులో బూజు కదా, మన బిల్డ్ ఫైలుకి ఉండే బూజు చాలదా ఇంకోటి తెచ్చినావా అని మా జూనియర్‌ని ఆటపట్టించినా. చంద్రగిరి పిల్లోడు, ఎస్వీయూలో ఎంసీఏ చేసినాడు, "అన్నా ఒక్కసారి రన్ చేసి చూడన్నా, ఫైల్లో ఏమీ మార్చబల్లే" అని వెంటపడితే చూసినా. ఆ రోజు నుంచి దాన్ని తీయలే.

మేం నలుగురం, ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఒక మిద్దె పైన ఆఫీసు. పాల కేంద్రాల్లో పెట్టే డబ్బాకి సాఫ్ట్‌వేర్ రాస్తాం, రైతు పాలు పోస్తే వెన్న శాతం చదివి రేటు కట్టి చీటీ ఇచ్చే డబ్బా. సి ప్లస్ ప్లస్ భాష, స్క్రీన్లకి క్యూటీ లైబ్రరీ, బిల్డ్ ఎట్లా చెయ్యాల్నో చెప్పే సీమేక్, ఉబుంటు లినక్స్. మెయిన్ ప్రోగ్రాం ఒకటి, టెస్టులు పన్నెండు, అన్నీ ఒకే స్టాటిక్ లైబ్రరీ (లింక్ అయ్యేటప్పుడు ప్రోగ్రాంలో కలిసిపోయే కోడు మూట) మీద నిలబడి ఉంటాయి కాబట్టి ఆ లైబ్రరీలో ఒక లైను మార్చినా పదమూడూ మళ్ళీ లింక్ అవ్వాల్సిందే. మారిన ఫైలు కంపైల్ అయ్యేదానికి నాలుగు సెకన్లు, లింకులకి మాత్రం నిమిషంన్నర దాటేది. ఆ నిమిషంన్నరలో కిందకి పోయి టీ చెప్పొచ్చేవాళ్ళం, తాగొచ్చేవాళ్ళం, ఎందుకు పోయినామో మరిచిపోయి మళ్ళీ వచ్చేవాళ్ళం.

లింకర్ ఏం చేస్తాదో తెలియని వాళ్ళకి మన ఊరి లెక్కలో చెప్తా. అలిపిరిలో నడిచి కొండెక్కేవాళ్ళు బ్యాగులు కింద కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకుంటారు కదా, పైన టోకెన్ చూపిస్తే ఎవరి బ్యాగు వాళ్ళకి ఇస్తారు. మనం రాసిన కోడుని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఇచ్చే ఆబ్జెక్ట్ ఫైళ్ళలో కొన్ని బ్యాగులుంటాయి, కొన్ని టోకెన్లుంటాయి, ఏ టోకెన్‌కి ఏ బ్యాగో కలిపేది లింకర్. టోకెన్ ఉండి బ్యాగు దొరక్కపోతే "అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్", ఒకే నంబరు మీద రెండు బ్యాగులుంటే "మల్టిపుల్ డెఫినిషన్". లినక్స్‌లో మామూలుగా ఉండే పాత లింకర్ గ్నూ ఎల్‌డీ దాదాపు ఒకే కౌంటర్ తెరిచి ఒకరి తర్వాత ఒకరిని పిలిచే రకం. మోల్డ్ అయితే మిషన్లో ఎన్ని కోర్లుంటే అన్ని కౌంటర్లు తెరిచి కూర్చుంటాది. వేగం గుట్టు చాలావరకు అదే. రాసినాయన రూయి ఉయేయామా, అంతకుముందు ఎల్‌ఎల్‌విఎం కంపైలర్ ప్రాజెక్టు వాళ్ళ ఎల్‌ఎల్‌డీ లింకర్‌ని నిలబెట్టింది కూడా ఈయనే, అంటే ఒక ఫాస్ట్ లింకర్ రాసి అది చాలదని ఇంకోటి రాసినాడు. 1.0 వెర్షన్ 2021 డిసెంబర్లో వచ్చింది.

వేగం గురించి అందరూ రాసేసినారు, నేను మా లెక్క ఒక్కటి చెప్పి వదిలేస్తా. నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్‌లో నిమిషంన్నర పోయి పన్నెండు పదమూడు సెకన్లకి వచ్చింది. పెద్ద మిషన్లు ఉండేవాళ్ళకి ఇంకా ఎక్కువ తేడా తెలుస్తాది.

నాకు నిజంగా ఖుషీ అయిన సంగతి వేరే. మా సీమేక్ ఫైల్లో లింకర్ కోసమే ముప్పై ఎనిమిది లైన్లు ఉండేవి. బెంగళూరు పోయిన ఒకాయన రాసిపెట్టి పోయినాడు: గోల్డ్ అనే ఇంకో లింకర్ ఉంటే అది, లేకుంటే ఎల్‌ఎల్‌డీ, కంపైలర్ క్లాంగ్ అయితే ఒక ఫ్లాగు (ఆప్షన్), జీసీసీ అయితే ఇంకో ఫ్లాగు, డీబగ్ బిల్డ్ అయితే మళ్ళీ వేరే, మధ్యలో లైబ్రరీల్ని మళ్ళీ మళ్ళీ వెతకమనే స్టార్ట్ గ్రూప్ ఎండ్ గ్రూప్, ఒకే లైబ్రరీ పేరు రెండు చోట్ల. పీకితే ఏం కూలుతుందో అని ఎవురూ ముట్టుకునేవాళ్ళు కాదు. అందులో మొదటి ఛాయిస్‌గా పెట్టిన గోల్డ్ 2008లో గ్నూ ఎల్‌డీ ఉండే బైన్‌యుటిల్స్ ప్యాకేజీలోకి వచ్చింది, అప్పట్లో గొప్పే, ఇప్పుడు చూసుకునేవాళ్ళు లేక 2025లో వచ్చిన బైన్‌యుటిల్స్ 2.44లో దాన్ని డెప్రికేటెడ్ అని పక్కన పెట్టేసినారు. మేం ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతా ఉన్నాం.

ట్రై చేసేది ఎట్లా అంటే, ఆప్ట్ ఇన్‌స్టాల్ మోల్డ్ కొట్టి, మీరు మామూలుగా ఇచ్చే బిల్డ్ కమాండ్ ముందు "మోల్డ్ మైనస్ రన్" అని తగిలించండి, అంతే. లోపల ఎవరైనా ఎల్‌డీని పిలిస్తే ఇది మధ్యలో దూరి తను పని చేస్తాది. ప్రాజెక్టులో ఒక్క అక్షరం మారదు, నచ్చకపోతే ఆ రెండు మాటలు తీసేస్తే సరి. కొత్త టూల్ అంటే భయపడే మా సార్‌కి ఇదే బాగా నచ్చింది.

నచ్చినాక పర్మినెంట్‌గా పెట్టేదానికి లింక్ చేసేటప్పుడు కంపైలర్‌కి ఇచ్చే ఒక్క ఫ్లాగు చాలు, ఫోన్లో చదివి చెప్పినట్టు చెప్తా: మైనస్ ఎఫ్ యూజ్ మైనస్ ఎల్‌డీ ఈక్వల్స్ మోల్డ్. సీమేక్ 3.29 నుంచి అయితే అది కూడా అక్కర్లే, సీమేక్ లింకర్ టైప్ అని ఒక వేరియబుల్ వచ్చింది, దాంట్లో మోల్డ్ అని పెడితే ఏ కంపైలర్‌కి ఏ ఫ్లాగు ఇవ్వాల్నో అదే చూసుకుంటాది. నా సలహా ఏందంటే దాన్ని మెయిన్ సీమేక్ ఫైల్లో పెట్టబాకండి, ప్రీసెట్ ఫైల్లో (కావాల్సినవాళ్ళు ఎంచుకునే సెట్టింగులు ఉండే సీమేక్ ఫైలు) పెట్టండి, అప్పుడు మీ కోడు తీసుకునే ఇంకొకడి దగ్గర మోల్డ్ లేకపోయినా వాడి బిల్డ్ ఆగదు. మా ముప్పై ఎనిమిది లైన్లు పోయి ప్రీసెట్‌లో ఒకే లైను మిగిలింది. డిలీట్ కొట్టిన రోజు రెండు ప్లేట్లు పునుగులు తెప్పించినా నేను.

అయితే ఇక్కడే మోసపోయినాం. ఉబుంటు 24.04తో వచ్చే సీమేక్ 3.28. ఆ వేరియబుల్ దానికి తెలియదు, తెలియదని గట్టిగా అరవదు కూడా, గమ్మునుండి పాత లింకర్‌తోనే కట్టేస్తాది. ఇద్దరి ల్యాప్‌టాప్‌లలో స్పీడు వచ్చింది, ఒకరి దాంట్లో రాలే, రెండు రోజులు ర్యామ్‌ని తిట్టుకున్నాం. చివరికి పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో కొత్త సీమేక్ వేసుకుంటే పోయింది. కాబట్టి నమ్మకం మీద పోబాకండి, ప్రోగ్రాం ఫైలు లోపల ఏముందో చూపించే రీడ్‌ఎల్ఫ్ టూల్‌కి మైనస్ పీ ఇచ్చి ప్రోగ్రాంలో డాట్ కామెంట్ సెక్షన్ చూడండి, మోల్డ్ కట్టి ఉంటే దాని పేరు వెర్షన్‌తో సహా అక్కడ ఉంటాది.

రెండో దెబ్బ రిలీజ్ మిషన్లో, అంటే పాల కేంద్రాలకి పంపే బిల్డ్ కట్టే మిషన్లో. అది ఉబుంటు 22.04, జీసీసీ 11. మోల్డ్ అనే పేరు జీసీసీకి 12 నుంచే తెలుసు. పదకొండుకి ఆ ఫ్లాగు ఇస్తే ఎర్రర్ ఇచ్చి, నువ్వు గోల్డ్ అనబోయినావా అని అడగతాది! గాంధీ రోడ్డులో నగల షాపు ముందర నడస్తా ఉంటే లోపలికి పిలిచినట్టు. దానికి దారి ఉంది, మైనస్ క్యాపిటల్ బీ ఇచ్చి మోల్డ్ తాలూకు లిబ్‌ఎగ్జెక్ ఫోల్డర్ చూపిస్తే అక్కడుండే ఎల్‌డీ పేరుతో దాన్నే వాడుకుంటాది. మేం మాత్రం రిలీజ్‌కి పాత ఎల్‌డీనే ఉంచినాం. దాని వల్లే మూడోది తెలిసింది, స్టార్ తగ్గించింది కూడా దానికే.

పాత ఎల్‌డీకి స్టాటిక్ లైబ్రరీల వరుస ముఖ్యం. అడిగేవాడు ముందు, ఇచ్చేవాడు వెనక ఉండాల, తిరగబడితే అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ అని మొహాన కొడతాది. మోల్డ్ ఆ వరుస పట్టించుకోదు, ముందున్నా వెనకున్నా వెతికి కలిపేస్తాది. వినేదానికి బాగుంది కదా, కానీ మూడు వారాలు మేం వరుస తప్పుగా రాసుకుంటా పోయినా ఎవరికీ తెలియలే, మదనపల్లె వైపు ఒక పాల కేంద్రానికి అప్‌డేట్ పంపాల్సిన సాయంత్రం రిలీజ్ మిషన్ ఒకేసారి నలభై ఎర్రర్లు కక్కింది. రాత్రి పదకొండు దాకా వరుసలు సరిచేసుకుంటా కూర్చున్నాం, లీలామహల్ దగ్గర తిని ఇంటికి పోయేసరికి ఒంటిగంట. మోల్డ్ తప్పంటారా, మా తప్పే, కానీ సులువు చేసే వస్తువు ఇట్లా తప్పుల్ని కూడా దాచేస్తాదని ఎవరూ చెప్పలే నాకు. ఇప్పుడు రోజూ రాత్రి పాత ఎల్‌డీతో ఒక బిల్డ్ దానంతట అదే తిరిగేట్టు పెట్టినాం.

ఇంకొన్ని చిన్నవి. వెన్న శాతం కొలిచే సెన్సర్ బోర్డు ఫర్మ్‌వేర్‌కి దీన్ని వాడలే, దాంట్లో లింకర్ స్క్రిప్టు రాసి ఏది మెమరీలో యాడుండాల్నో మనమే చెప్పాల, మోల్డ్ ఆ స్క్రిప్టుల్ని పూర్తిగా మొయ్యదు. అట్లాంటి పనికి పాతదే దిక్కు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పన్నెండు టెస్టులు ఒకేసారి లింక్ అయితే మిషన్ బిగుసుకుపోతాది, మోల్డ్ జాబ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేస్తే ఒకటి అయినాక ఒకటి పోతాది, మొత్తం టైమ్‌లో మాకు పెద్ద తేడా ఏమీ కనపడలే. విండోస్ వాళ్ళు, మ్యాక్ వాళ్ళు దీని మీద ఆశ పెట్టుకోబాకండి. రస్ట్ భాష వాళ్ళకి ఇంటెల్, ఏఎండీ 64 బిట్ మిషన్ల లినక్స్‌లో 1.90 నుంచి ఎల్‌ఎల్‌డీనే డిఫాల్ట్‌గా వస్తా ఉంది, వాళ్ళకి ఇప్పుడు ఇది అంత అర్జెంటు కాకపోవచ్చు.

డబ్బులా, పైసా లేదు. మొదట్లో కోడు బయటపెట్టమనే షరతులుండే ఏజీపీఎల్ లైసెన్సని మా సార్ జంకినాడు గానీ 2023లో 2.0 వచ్చినప్పుడు షరతులు తక్కువుండే ఎంఐటీ లైసెన్స్‌కి మార్చేసినారు, ఇంక అడిగేదేముంది.

రిలీజ్ మిషన్‌ని కూడా 24.04కి ఎక్కిద్దాం సార్ అని పోయిన వారం అడిగినా. బ్రహ్మోత్సవాలు కానీలేబ్బా, చూద్దాం అన్నాడు.