ఢిల్లీలో బస: గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకు

ఢిల్లీ ప్రయాణం అనగానే మన కోనసీమలో, భీమవరం వైపు ముందుగా ఏపీ భవన్ గది కోసం ఎమ్మెల్యే గారి ఉత్తరం వెతుకుతారు. అక్కడ గదులు మంత్రులకు, ప్రజాప్రతినిధులకు, అధికారులకు ఇచ్చాకే మిగతావాళ్లకు. దాన్ని నమ్ముకుని రైలెక్కొద్దు. అశోకా రోడ్డులోని క్యాంటీన్‌లో మాత్రం ఎవరైనా భోంచేయొచ్చు. రొట్టెలతో విసిగిన పెద్దవాళ్లకు అక్కడి అన్నం, పప్పు, పచ్చడి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ కోసం రద్దీ ఎక్కువ, పెందలాడే వెళ్లాలి.

బస విషయానికొస్తే, పహాడ్‌గంజ్ న్యూఢిల్లీ స్టేషను ఒకటో నంబరు ప్లాట్‌ఫాం ఎదురుగానే ఉంటుంది, అద్దెలూ తక్కువే. కానీ చవక గదులు చాలావాటికి కిటికీ నడవాలోకి తెరుచుకుంటుంది, కొన్నింటికి అసలుండదు. తడిబట్ట ఆరదు, ముక్కవాసన పోదు. ఒక్క రాత్రికైతే సరే. అమ్మానాన్నలతో నాలుగు రోజులుండాలంటే కరోల్‌బాగ్ మేలు. గది ఖాయం చేసే ముందు హోటల్‌కే ఫోన్ చేసి కిటికీ బయటికి ఉందా, లిఫ్టు ఉందా, గీజరు గదిలోనే ఉందా అని అడగండి. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. బిల్లులో పాత 12 శాతం వేస్తే అక్కడే సరిచేయించుకోండి.

ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీకి చేరుస్తుంది. అక్కడ మెట్రో అజ్మీరీ గేటు వైపు, అంటే 16వ నంబరు ప్లాట్‌ఫాం వైపు. పహాడ్‌గంజ్ వైపు బయటికొస్తే సామానుతో మళ్లీ వంతెనెక్కాల్సిందే. పసుపు లైనులో ఒక్క స్టేషను వెళ్తే రాజీవ్ చౌక్. అక్కడ ద్వారకా వైపు వెళ్లే నీలం లైనుకు మారితే మూడోది కరోల్‌బాగ్. స్వర్ణజయంతిలో వెళ్తే దిగేది నిజాముద్దీన్‌లో. సరాయ్ కాలే ఖాన్ మెట్రోలో గులాబీ లైను ఎక్కి, మయూర్ విహార్-1లో నీలం లైను పట్టుకోవాలి. విమానంలో టెర్మినల్ 3కి వచ్చినవాళ్లకు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ చేరుస్తుంది. మెట్రోలో వెళ్లే దిక్కున మొదటి పెట్టె ఆడవాళ్లది.

స్టేషను బయట ఎవరైనా "మీ హోటల్ మూసేశారు, దారి బంద్" అంటే ఆగొద్దు. కమీషన్ వచ్చే హోటల్‌కు తీసుకుపోవడానికే ఆ మాట. వాళ్లిచ్చిన ఫోన్ తీసుకోకుండా, మీ దగ్గరున్న నంబరుకే చేయండి.

డిసెంబరు, జనవరి నెలల్లో పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దనే చెప్తాం. రాత్రి చలి 5 డిగ్రీలకూ దిగుతుంది, మన ఊళ్లో కప్పుకునే దుప్పటి ఏమూలకూ చాలదు. పొగమంచుకు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. ఫిబ్రవరి, మార్చి హాయి. ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్ సోమవారం మూసి ఉంటాయి, ఆ రోజు కుతుబ్ మీనార్ పెట్టుకోండి. ఆగ్రా కూడా కలుపుకుంటే శుక్రవారం వద్దు, తాజ్‌మహల్‌కు సెలవు.