గాల్వెస్టన్ నుంచి క్రూజ్: క్రెడిట్ కార్డులు ఎక్కడ ఆదుకున్నాయి, ఎక్కడ ఆదుకోలేదు

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది టెక్సస్ తీరంలో ఉన్న గాల్వెస్టనే. ఫ్లైట్ టికెట్ల గొడవ లేదు, కారేసుకుని ఒక ఐదు గంటలు నడిపితే పోర్ట్‌లో ఉంటాం, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్ళని కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోవచ్చు. మేము కూడా అలాగే, నేనూ మా ఆవిడా బాబూ, మా అమ్మానాన్నా, రెండు రూములు తీసుకుని రాయల్ కరీబియన్ వాళ్ళ హార్మనీ ఆఫ్ ద సీస్ లో 7 రాత్రుల ట్రిప్ వెళ్ళొచ్చాం. హోండురాస్‌లోని రోటాన్, మెక్సికోలోని కోస్టా మాయా, కొజుమెల్ రూటు. ఎలా ఉందో చెప్తూ కార్డుల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే వచ్చిన దగ్గర్నుంచి ఫ్రెండ్స్ అందరూ అడుగుతున్నది అదే.

ముందే ఒక మాట. టికెట్ మీద ఎన్ని రెట్లు పాయింట్లు వస్తాయి అని అందరూ అక్కడే ఆగిపోతారు, నిజానికి మాకు డబ్బు మిగిలింది అక్కడ కాదు. ఐదు వేల డాలర్ల టికెట్ మీద 2 రెట్లు (అంటే డాలర్‌కి 2 పాయింట్లు) వచ్చినా 3 రెట్లు వచ్చినా తేడా మహా అయితే యాభై డాలర్లు. మిగిలిందంతా టికెట్ చుట్టూ ఉండే ఖర్చుల్లో: ముందు రోజు హోటల్, టిప్పులు, ఇన్సూరెన్స్, ఎక్స్‌కర్షన్లు (షిప్ ఆగిన ఊళ్ళలో చేసే టూర్లు), ఆ తర్వాత కొత్త కార్డు బోనస్.

బుకింగ్ ఎక్కడ చేయాలి అన్నదే అసలు పెద్ద నిర్ణయం. మేము మూడు దార్లు చూశాం. ఒకటి నేరుగా క్రూజ్ లైన్ సైట్. రెండు అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) ట్రావెల్, ప్లాటినం కార్డు ఉన్నవాళ్ళకి క్రూజ్ ప్రివిలేజెస్ అని ఒక ప్రోగ్రాం ఉంది, 5 రాత్రులు అంతకంటే ఎక్కువ ఉండే ట్రిప్పులకి, వాళ్ళ లిస్ట్‌లో ఉన్న లైన్లకి, రూముకి కనీసం 100 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ (షిప్‌లో ఖర్చుపెట్టుకునే డబ్బు) ఇస్తారు, రూము పెద్దదయ్యేకొద్దీ, లైన్‌ని బట్టీ అది పెరుగుతుంది. మూడోది కాస్ట్‌కో ట్రావెల్. మనవాళ్ళలో కాస్ట్‌కో మెంబర్‌షిప్ లేని ఇల్లు దాదాపు ఉండదు కదా, అయినా అక్కడ క్రూజులు కూడా అమ్ముతారని చాలామందికి ఇప్పటికీ తెలీదు. టికెట్ రేటు అంతటా దాదాపు ఒకటే, కాకపోతే కాస్ట్‌కో వాళ్ళు డిజిటల్ షాప్ కార్డు (వాళ్ళ గిఫ్ట్ కార్డు) ఇస్తారు, ఎగ్జిక్యూటివ్ మెంబర్ అయితే టికెట్ మీద ఇంకో 2 శాతం రివార్డు, అది కాక సిటీ కాస్ట్‌కో వీసాతో కడితే ట్రావెల్ కింద 3 శాతం. మాకు రెండు బాల్కనీ రూముల మీద లెక్కేస్తే షాప్ కార్డు మొత్తమే ప్లాటినం ఇచ్చే క్రెడిట్ కంటే బాగా ఎక్కువ తేలింది, పైగా షాప్ కార్డు షిప్‌లోనే ఖర్చుపెట్టి తీరాలన్న బలవంతం లేదు, ఇంటికొచ్చాక బియ్యం బస్తాకీ పెట్రోలుకీ వాడుకోవచ్చు. అందుకే కాస్ట్‌కోలో చేశాం. కిటికీ లేని చిన్న ఇన్‌సైడ్ రూము తీసుకునేవాళ్ళకి, చేతిలో ఆల్రెడీ ప్లాటినం ఉంటే, లెక్క అటువైపు తిరగొచ్చు. కానీ దీనికోసమని ఏడాదికి 895 డాలర్ల ఫీజు కట్టి ఆ కార్డు తీసుకోవడం మాత్రం అస్సలు వద్దు.

చేజ్ బ్యాంకు వాళ్ళ సఫైర్ కార్డుల్లో ఒక విషయం గమనించండి. 2025లో సఫైర్ రిజర్వ్ మార్చేశారు, ఫీజు 795 అయింది, ఫ్లైట్లూ హోటళ్ళూ నేరుగా బుక్ చేస్తే 4 రెట్లు పెట్టారు, కానీ క్రూజ్ లాంటి మిగతా ట్రావెల్ నేరుగా కడితే 1 రెట్టే. 95 డాలర్ల సఫైర్ ప్రిఫర్డ్ మాత్రం క్రూజ్‌కి ఇప్పటికీ 2 రెట్లు ఇస్తుంది. అంటే టికెట్ కట్టేటప్పుడు ఖరీదైన కార్డు కంటే చౌక కార్డే నయం. రిజర్వ్‌లో ఏటా వచ్చే 300 డాలర్ల ట్రావెల్ క్రెడిట్ క్రూజ్‌కి కూడా తగులుతుంది, అది నిజమే, ఆల్రెడీ ఉన్నవాళ్ళు ముందు ఆ 300 దాంతో కట్టేసి మిగతాది వేరే కార్డు మీద వేసుకోండి. పేమెంట్ ముక్కలు చేసి రెండు మూడు కార్డుల మీద కట్టొచ్చు, మేము అలాగే చేశాం.

ముక్కలు చేయడం ఎందుకంటే, ఆఫర్లు కార్డుకో రకంగా వస్తాయి. అమెక్స్ కార్డు యాప్‌లో కనిపించే అమెక్స్ ఆఫర్స్‌లో ఇన్ని డాలర్లు కడితే ఇంత వెనక్కి అని క్రూజ్ లైన్ల మీద తరచుగా వస్తుంటాయి. నా కార్డులో కనిపించింది మా ఆవిడ కార్డులో కనిపించలేదు, తన దాంట్లో వేరే మొత్తం. ఫైనల్ పేమెంట్ ముందు రాత్రి ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో కార్డు తెరిచి చూస్తుంటే మా నాన్న, "ఇన్ని కార్డులు ఎందుకురా, ఒక్కటి చాలదూ" అన్నారు. ఆఫర్ ముందు యాడ్ చేసుకోవాలి, తర్వాతే కట్టాలి, కట్టాక యాడ్ చేస్తే రాదు. ఇంకోటి, స్టేట్‌మెంట్‌లో ఛార్జ్ క్రూజ్ లైన్ పేరు మీద పడాలి. మా ఫ్రెండ్ ఒకళ్ళు ఏదో డిస్కౌంట్ సైట్‌లో కొన్నారు, ఛార్జ్ ఆ సైట్ పేరు మీద పడింది, ఆఫర్ తగల్లేదు, కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఫలితం లేదు. కాబట్టి డిపాజిట్ కట్టగానే స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు పడిందో చూసుకోండి, ఆ తర్వాతే పెద్ద మొత్తం ఏ కార్డు మీద వేయాలో తేల్చుకోండి.

ఇక కొత్త కార్డు బోనస్. రాయల్‌లో 5 రాత్రులు అంతకు పైన ఉండే ట్రిప్పులకి ఫైనల్ పేమెంట్ 90 రోజుల ముందు. అంటే పెద్ద మొత్తం ఏ నెలలో పడుతుందో మీకు ముందే తెలుసు. ఆ నెలకి కొత్త కార్డు చేతికొచ్చేలా చూసుకుంటే మినిమం స్పెండ్ (బోనస్ రావడానికి చేయాల్సిన కనీస ఖర్చు) ఒక్క దెబ్బతో అయిపోతుంది, అనవసరమైనవి కొనక్కర్లేదు. ఫీజు లేని కార్డులే మాకు బాగా కుదిరాయి: బ్యాంక్ ఆఫ్ అమెరికా ట్రావెల్ రివార్డ్స్‌లో 1,000 డాలర్లు ఖర్చుపెడితే 25,000 పాయింట్లు, అంటే 250 డాలర్లు, వాటిని క్రూజ్ ఛార్జ్ మీదే చెరిపేసుకోవచ్చు. వెల్స్ ఫార్గో ఆటోగ్రాఫ్ కూడా ఫీజు లేనిదే, ట్రావెల్‌కి 3 రెట్లు. ఈ రెండింటికీ ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు లేదు, మెక్సికోలో పనికొస్తుంది. బోనస్ మొత్తాలు మారుతుంటాయి, అప్లై చేసేముందు చూసుకోండి. షిప్‌లో అమ్మే క్రూజ్ లైన్ కార్డు మాత్రం నాకు నచ్చలేదు, వాళ్ళ దగ్గర పెట్టే ఖర్చుకే పాయింట్లు ఎక్కువ, ఆ పాయింట్లు మళ్ళీ ఎక్కువగా వాళ్ళ దగ్గరే వాడాలి. ఏటా రెండుసార్లు అదే లైన్‌లో వెళ్ళేవాళ్ళకైతే సరే. ఇవన్నీ నెలాఖరుకి పూర్తి బిల్లు కట్టేవాళ్ళకి మాత్రమే అని వేరే చెప్పాలా, వడ్డీ పడిందంటే 250 డాలర్ల బోనస్ రెండు మూడు నెలల్లో ఆవిరైపోతుంది.

ప్రయాణం సంగతికొస్తే శనివారం పొద్దున్నే ఐ-45 హైవే పట్టుకుని, మాడిసన్‌విల్‌లో బక్కీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆగి, హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్ళాం. దారి నుంచి కాస్త పక్కకి పోవాలి గానీ అమ్మానాన్న ఉన్నప్పుడు ఆ గుడి వదలకండి, ప్రాకారం గోపురాలు చూసి అమ్మ మదురై వెళ్ళినట్టే ఉందని ఎంత సంతోషించిందో. సాయంత్రానికి గాల్వెస్టన్. ఐహెచ్‌జీ హోటళ్ళ వాళ్ళ ప్రీమియర్ కార్డు ఫీజు 99 డాలర్లు, ఏటా 40,000 పాయింట్ల దాకా ఉండే ఒక ఫ్రీ నైట్ ఇస్తుంది, అది సీవాల్ (సముద్రం పక్కన కట్టిన గోడ రోడ్డు) మీద బీచ్ ఎదురుగా ఉన్న హోటల్‌లో వాడాం. క్రూజ్ బయల్దేరేది ఆదివారం కాబట్టి శనివారం రాత్రి ఈ ఊళ్ళో రూముల రేట్లు మండిపోతాయి, ఫ్రీ నైట్ వాడటానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. 40,000 దాటితే మన పాయింట్లు కలుపుకోవచ్చు. పెద్దవాళ్ళు ఉంటే అదే రోజు డాలస్ నుంచి బయల్దేరే ఆలోచన పెట్టుకోవద్దు, హ్యూస్టన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ ఆగదు.

రాయల్ టెర్మినల్ 2022 నవంబర్‌లో తెరిచారు, కొత్తది, లోపలికి వెళ్ళడం చాలా త్వరగా అయిపోయింది. షిప్ గురించి ఏం చెప్పాలి, మధ్యలో సెంట్రల్ పార్క్ అని నిజమైన చెట్లతో తోట ఉంటుంది, నాన్న పొద్దున కాఫీ పట్టుకుని అక్కడే కూర్చునేవారు. తిండి గురించి చాలామంది పెద్దవాళ్ళు భయపడతారు. మొదటి రాత్రి డైనింగ్ రూములో హెడ్ వెయిటర్‌కి చెప్పాం, రేపటి నుంచి వెజిటేరియన్ ఇండియన్ కావాలని. మర్నాడు సాయంత్రం మెనూలో లేని అన్నం, పప్పు, పాలక్ పనీర్, పెరుగు, అప్పడం తెచ్చి అమ్మ ముందు పెట్టారు. అమ్మ హ్యాండ్ బ్యాగులోంచి కందిపొడి ప్యాకెట్ తీసి అన్నంలో కలుపుకుంది. ఇంట్లో చేసినవి షిప్‌లోకి తేనివ్వరు, ఇండియన్ స్టోర్‌లో కొన్న సీల్ తీయని ప్యాకెట్లు తీసుకెళ్ళండి.

టిప్పులు మామూలు రూములకి మనిషికి రోజుకి 18.50 డాలర్లు, పిల్లలకి కూడా. మా ఐదుగురికీ 7 రోజులకి 647.50. ఇది టికెట్ రేటులో కనిపించదు, చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు. ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఉంటే ముందుగా టిప్పులు కట్టకుండా వదిలేయండి, షిప్‌లో అకౌంట్ మీద రోజూ పడతాయి, క్రెడిట్ వాటికే పోతుంది, ఏదో ఒకటి కొనాలి కదా అని టీషర్టులు కొనే పని ఉండదు. అదే అమెక్స్ ఆఫర్‌కి ఇంకో రెండు మూడు వందలు తక్కువ పడుతుంటే మాత్రం ముందే కట్టి ఆ మొత్తం దాటించండి. షిప్ అకౌంట్‌కి డెబిట్ కార్డు పెట్టొద్దు, బ్యాంకులో డబ్బు హోల్డ్ పెట్టేస్తారు, క్రెడిట్ కార్డే పెట్టండి.

ఊళ్ళలో మాకు అన్నిటికంటే నచ్చింది రోటాన్. ప్రపంచంలో రెండో పెద్ద బారియర్ రీఫ్ (పగడపు దిబ్బ) పక్కనే ఉంది, ఈత రాని పెద్దవాళ్ళకి అద్దాల అడుగు ఉన్న బోటు ఎక్కిస్తే చాలు, నీళ్ళు అద్దంలా ఉంటాయి, బాబు కిందకి వంగి చేపల రంగులు చెప్తూనే ఉన్నాడు. వెస్ట్ బే బీచ్‌కి బయట టాక్సీ మాట్లాడుకుంటే షిప్ వాళ్ళ ప్యాకేజీ కంటే బాగా తక్కువ. కోస్టా మాయాలో పోర్ట్ స్విమ్మింగ్ పూల్ దగ్గరే రోజంతా గడిపేయొచ్చు, లేదా ఒక గంట దూరంలో చక్‌చోబెన్ మాయా పిరమిడ్లు. ఇక్కడ మాత్రం మేము షిప్ ఎక్స్‌కర్షనే తీసుకున్నాం, దూరం కాబట్టి ఆలస్యమైనా షిప్ మన కోసం ఆగుతుంది. కొజుమెల్‌లో సాన్ జెర్వాసియో చూడండి, ఇష్‌చెల్ అనే అమ్మవారి గుడి, పూర్వం మాయా ఆడవాళ్ళు సముద్రం దాటి మొక్కుకోడానికి వచ్చేవాళ్ళట, నాన్న గైడ్‌ని వదల్లేదు. అక్కడి షాపుల్లో కార్డు గీస్తే డాలర్లా పెసోలా అని అడుగుతారు, పెసోలే నొక్కండి, డాలర్లు నొక్కితే మారకం రేటులో మనకే నష్టం. ఒక షాపులో అడక్కుండానే డాలర్లు నొక్కేశారు, రసీదు మీద రేటు చూసి రద్దు చేయించి మళ్ళీ గీయించాను.

ఇన్సూరెన్స్ గురించి కాస్త సీరియస్‌గా చదవండి. సఫైర్ కార్డుతో కడితే ట్రిప్ క్యాన్సిలేషన్ మనిషికి 10,000 డాలర్ల దాకా ఉంటుంది, అది నిజంగా మంచిది, దానివల్లే క్రూజ్ లైన్ అమ్మే ప్లాన్ మా ముగ్గురికీ తీసుకోలేదు. పెద్దమొత్తం దేనిమీద వేయాలన్నప్పుడు ఇది కూడా లెక్కలో పెట్టుకోవాలి. కానీ మెడికల్ విషయంలో కార్డుని నమ్ముకోవద్దు: రిజర్వ్‌లో ఉన్నది 2,500 డాలర్లే, ప్రిఫర్డ్‌లో అదీ లేదు. షిప్‌లో డాక్టర్ దగ్గరకెళ్తే బిల్లు నేరుగా మన అకౌంట్ మీద వేస్తారు, తర్వాత మనం క్లెయిమ్ చేసుకోవాలి. అమ్మకి బీపీ, నాన్నకి షుగర్, వాళ్ళిద్దరికీ మెడికల్, ఎవాక్యుయేషన్ (అత్యవసరంగా ఆసుపత్రికి తరలించడం) కలిపి విడిగా ప్లాన్ కొన్నాం, కార్డుల వల్ల ఎంత మిగిలినా ఆ ఖర్చు మాత్రం తగ్గించకూడదు.

ఇంకోటి, వీసా. చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, అమ్మానాన్నకి బీ1/బీ2 విజిటర్ వీసా ఉంది, ఇబ్బంది లేదు. హెచ్1బీ ఉద్యోగ వీసాలో పాస్‌పోర్ట్ స్టాంపు గడువు తీరిపోయి 797 అప్రూవల్ పేపర్ మీద ఉన్నవాళ్ళు మాత్రం ఈ రూటు బుక్ చేయొద్దు. ఎక్స్‌పైరీ అయిన స్టాంపుతో 30 రోజుల్లోపు వెనక్కి రానిచ్చే వెసులుబాటు వాళ్ళకి మెక్సికో, కెనడాల వరకే, రోటాన్ ఉన్నది హోండురాస్‌లో. పేపర్లు సరిగ్గా లేక ఎక్కనివ్వకపోతే కార్డు ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, అది రూల్స్‌లోనే రాసి ఉంటుంది.

బుక్ చేశాక కూడా రేటు చూస్తూ ఉండండి. ఫైనల్ పేమెంట్ లోపు మీ రూము రేటు తగ్గితే ఏజెంట్‌కి ఫోన్ చేసి కొత్త రేటు అడగొచ్చు. మాకు అమ్మానాన్న రూము అలా తగ్గింది, మా ఆవిడ లంచ్ బ్రేక్‌లో ఒక్క ఫోన్ చేస్తే అయిపోయింది, అన్ని కార్డుల పాయింట్లు కలిపినా అంత రాలేదు.