కబుర్ల గదికి ఏడాది

విశాఖపట్నం పెదవాల్తేరులో మాది రెండు వందల పది మంది పిల్లలున్న చిన్న ప్రాథమిక పాఠశాల. ప్రధానోపాధ్యాయురాలినీ, గుమాస్తానీ, ఒక్కోరోజు గంట కొట్టే మనిషినీ నేనే. గత జూన్‌లో ఒక సంస్థతో ఏడాది ఒప్పందం చేసుకుని పిల్లలకు కౌన్సెలింగ్ పెట్టించాను. కౌన్సెలర్ వారానికి రెండు రోజులు వస్తారు, నెలకు 14,000 రూపాయలు. సంస్థ పేరు రాయను. రాసేదంతా మెచ్చుకోలు కాదు మరి.

ఈ కోరిక నాకు 2014 నుంచీ ఉంది. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక బడి తెరిస్తే, కిటికీ రెక్క టపుక్కుమన్నా చాలు, పిల్లలు బల్లల కింద దూరేవారు. "ఏమీ లేదు, భయపడకండి" అనడం తప్ప మాకు మరో మాట తెలియలేదు. ఆ తర్వాత పదేళ్లు డబ్బు కుదరలేదు.

మొదటి తప్పు నాదే. ఫ్యాను ఉంది కదా అని నా గది పక్క గదే ఇచ్చాను. రెండు వారాలు ఒక్క పిల్లా అటు రాలేదు. "మీ గదివైపు వచ్చేది చీవాట్లు తినడానికే కదమ్మా" అని ఆయమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. మెట్ల పక్కన, లైబ్రరీ అని మేం పిలుచుకునే మూలకు మార్చాం. అక్కడ 'కౌన్సెలింగ్' అని బోర్డు పెడితే ఒక నాయనమ్మగారు వచ్చి "మా పిల్లకు పిచ్చంటారా?" అని నిలదీశారు. బోర్డు చెరిపించి 'కబుర్ల గది' అని రాయించాను.

వచ్చిన కౌన్సెలర్ చిన్న వయసు అమ్మాయి. తొలి మూడు వారాలు ఒక్క పిల్లనూ విడిగా పిలవలేదు. వెనక బల్ల మీద కూర్చుని తరగతులు చూడటం, క్యారేజీలు విప్పే వేళ వరండాలో తిరగడం, టీచర్లను కదిలించడం. నవ్వు ముఖం, ఏడుపు ముఖం ఉన్న కాగితాలిచ్చి బడిలో ఏ చోటు ఎలా అనిపిస్తుందో గుర్తు పెట్టమంది. జీతం దండగ అని లోలోపల గొణుక్కున్నాను. "మూడో తరగతి ఆడపిల్లలకు మధ్యాహ్నం పాఠం బుర్రకెక్కడం లేదు, ఆ సంగతి చూడమ్మా" అని పని కూడా పురమాయించాను. ఆమె కాగితాలన్నీ నా ముందు పరిచింది. మరుగుదొడ్డి దగ్గర అన్నీ ఏడుపు ముఖాలే. లోపల గడియ పడటం లేదు. అందుకని ఆ పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేశారు. గడియ ఖరీదు 80 రూపాయలు. ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్ నుంచి తెప్పించి బిగించాం. ఆ మూడు వారాల జీతం గురించి ఇక నోరెత్తలేదు.

ఆ తర్వాత పని మూడు అంచెల్లో సాగింది. ప్రతి తరగతికీ పదిహేను రోజులకొకసారి అరగంట పాఠం: కోపం ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది, ఆటలో చేర్చుకోకపోతే ఏం చేయాలి, ఎవరు ముట్టుకుంటే వద్దనాలి. ఆ పాఠం సరిపోని కొద్దిమందికి ఆరు వారాల పాటు చిన్న బృందం. ఇంకా అవసరమైతే ఒంటరిగా మాట. మా చేతుల్లో లేనిది అనిపిస్తే, ప్రభుత్వ మానసిక వైద్యశాల వాల్తేరులోనే ఉంది కనుక తల్లిదండ్రులను కూర్చోబెట్టి అక్కడికి పంపడం.

బృందాల్లో ఒకటి చెప్పాలి. మా పిల్లల్లో జాలారిపేట వాళ్లు, అంటే చేపల వేటకు వెళ్లే ఇళ్ల వాళ్లు చాలామంది. ఒకడికి జూన్ మూడో వారం నుంచి రోజూ కడుపునొప్పి. డాక్టరు ఏమీ లేదన్నారు. కౌన్సెలర్ పాత హాజరుపట్టీ అడిగింది. నిరుడూ సరిగ్గా అదే వారం. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులు నాన్న ఇంట్లో ఉంటాడు, తర్వాత మరబోటు ఎక్కితే మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేం. 12న బడి తెరుస్తాం, 15న నాన్న వెళ్లిపోతాడు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పాఠం చెబుతున్నాను, ఆ రెండు తేదీలను ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. వాడితో పాటు నేవీ ఇళ్ల పిల్లలిద్దరినీ, గల్ఫ్‌లో వెల్డింగ్ పనిచేసే ఒకాయన కూతురినీ కలిపి గురువారం బృందం చేసింది. నాన్న లేని రోజుకొక పూస దారానికి గుచ్చుతారు. ఆయన రాగానే ఆ దండ ఆయనకే ఇస్తారు. కడుపునొప్పి మాయమైందని అబద్ధం చెప్పను. రోజూ వచ్చేది వారానికి ఒకసారికి తగ్గింది.

ఇక సంస్థ సంగతి. అంగీకారపత్రం ఇంగ్లీషులోనే ఉంది, తల్లులు చదవకుండానే సంతకాలు పెట్టారు. తెలుగులో నేనే రాసి మళ్లీ పెట్టించాను. ఆగస్టులో ఒక వారం నోటు పుస్తకంలో లెక్క రాసుకున్నాను: ఆ అమ్మాయి మా బడిలో ఉన్న 12 గంటల్లో దాదాపు ఐదు గంటలు వాళ్ల యాప్ నింపడానికీ, ప్రచారానికి ఫొటోలు తీయడానికీ పోయాయి. అమెరికాలో స్కూలు కౌన్సెలర్ల సంఘం 250 మంది పిల్లలకు ఒక కౌన్సెలర్ ఉండాలనీ, వాళ్ల సమయంలో 80 శాతం పిల్లల పనికే పోవాలనీ అంటుంది. మన బళ్లకు ఆ లెక్క అందని ద్రాక్షే. కానీ నేను డబ్బిచ్చేది ఫొటోలకు కాదు కదా!

అంతకంటే ఘోరం, పిల్లల పేర్లూ ఇంటి గొడవలూ రాసిన నెలవారీ పట్టికను టీచర్ల వాట్సాప్ గుంపులో పెట్టారు. పదకొండు మంది చదివారు. ఆ రోజు ఫోనులో నా గొంతు మూడో తరగతి దాకా వినపడిందట. ఈ అమ్మాయేమో మొదటి పాఠంలోనే పిల్లలకు చెప్పింది: "మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీకెవరైనా హాని చేస్తుంటే మాత్రం దాచను." వాళ్ల నియమాల పుస్తకంలో, పిల్లలపై లైంగిక వేధింపు అనుమానం వస్తే ముందు సంస్థ కార్యాలయానికి చెప్పాలట, వాళ్లు ఆలోచిస్తారట. ఆ వాక్యం కొట్టేశాను. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఆపదలో ఉన్న పిల్లలు సాయం అడిగే 1098 ఫోను నంబరు గోడ మీద పెద్దగా రాయించాను.

నవంబరులో చెప్పాపెట్టకుండా ఆ అమ్మాయిని వేరే బడికి మార్చి మరొకరిని పంపారు. చదువుకున్న మనిషే, కానీ పిల్లలు కబుర్ల గది ముందు నిలబడి "అక్క ఎప్పుడొస్తుంది?" అని మాత్రమే అడిగేవారు. గురువారం దారాలు రెండు నెలలు మేకుకు వేలాడాయి. జనవరి డబ్బు ఆపేస్తానన్నాను. సంక్రాంతి సెలవులయ్యాక ఆమె తిరిగి వచ్చింది.

కౌన్సెలర్‌కు ఐదుకు ఐదు. సంస్థకు రెండు, అదీ ఆమెను ఎంపిక చేసినందుకు.

వచ్చే జూన్ ఒప్పందంలో మూడు వాక్యాలు చేర్చమన్నాను: ఏడాది మధ్యలో మనిషిని మార్చకూడదు, పిల్లల పేర్లు బడి దాటకూడదు, రాతపని వారానికి రెండు గంటలకు మించకూడదు. చివరి రెండింటికీ సరేనన్నారు. మొదటిదానికి ఇంకా జవాబు రాలేదు, నేనూ సంతకం పెట్టలేదు.