బోర్డులో సినిమావాళ్లా, బయటివాళ్లా?

సినిమాలకు ప్రభుత్వ సొమ్ము పంచడానికి, మూడు పాత సంస్థలను కలిపి 2008లో స్క్రీన్ ఆస్ట్రేలియాను పెట్టారు. 2011లో యూకే ఫిల్మ్ కౌన్సిల్‌ను మూసేసి, దాని పనులు చాలావరకు బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి (బీఎఫ్‌ఐ) అప్పగించారు. సంస్థ పేరు ఏదైనా, సినిమాలకు ప్రభుత్వ సొమ్ము పంచే బోర్డులో ఎవరుండాలన్న పేచీ మాత్రం తెగదు.

అవగాహన: బడ్జెట్ చూడగానే లెక్క ఎక్కడ తేడాగా ఉందో నిర్మాత పసిగడతాడు. ఆడిటర్‌కో లాయర్‌కో అది అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

ఖర్చు: చెప్పుకోదగ్గ తేడా లేదు.

రిస్క్: అసలు తంటా ఇక్కడే. సినిమావాళ్లలో నేటి బోర్డు సభ్యుడే రేపటి దరఖాస్తుదారు. తన ప్రాజెక్టు చర్చకొస్తే బయటికి వెళ్లిపోతాడు, సరే. లోపల మిగిలేది ఆయన స్నేహితులో, పోటీదారులో. పరిశ్రమ చిన్నదైతే మరీనూ. బయటివాళ్లకు ఈ చిక్కు తక్కువ. కానీ ఎంపిక తప్పుతుందేమోనన్న టెన్షన్‌తో, ఇప్పటికే హిట్లు ఇచ్చినవాళ్ల వైపే మొగ్గుతారు. కొత్త దర్శకుడికి దారి మూసుకుపోతుంది.

స్క్రిప్టులను బోర్డే ఎంచుకునే చోట సినిమావాళ్లు ఎక్కువ ఉండాలి, స్వప్రయోజనాలకు అడ్డుకట్ట వేసే నిబంధనలు గట్టిగా అమలు కావాలి. ఎంపికను సీఈఓ, నిపుణుల కమిటీ చూసుకుని, బోర్డు విధానాలకూ పద్దులకూ పరిమితమైతే బయటివాళ్లే నయం. ఛైర్మన్ కుర్చీకి మాత్రం, రెండు సందర్భాల్లోనూ నా ఓటు బయటి మనిషికే.