వేమన పద్యాల పుస్తకం: ఇంట్లో ఎవరి కోసం కొంటున్నారు?

కడప, అనంతపురం పుస్తకాల కొట్లలో వేమన పేరుతో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. రంగు బొమ్మలతో పిల్లల పుస్తకం ఒకటి. ప్రతి పద్యం కింద తాత్పర్యం వేసిన చిన్న శతకం ఇంకొకటి. మూడోది, వెయ్యికి అటూ ఇటూ పద్యాలుండే లావుపాటి సంకలనం. ధరా బైండింగూ చూసి ఏదో ఒకటి తెచ్చేస్తుంటారు. చదివే మనిషి వయసెంతో చూసి కొనాలి. పద్యం అదే అయినా పదేళ్లకు పట్టుబడేది వేరు, అరవై ఏళ్లకు పట్టుబడేది వేరు.

అందరికీ నోటికొచ్చిన పద్యమే తీసుకోండి.

గంగిగోవు పాలు గరిటెడైనను చాలు
కడివెడైననేమి ఖరము పాలు
భక్తి కలుగు కూడు పట్టెడైనను చాలు
విశ్వదాభిరామ వినురవేమ

చిన్నపిల్లలకు ఇందులో ఆవు, గాడిద కనబడతాయి. ఖరమంటే గాడిదని చెప్పగానే నవ్వుతారు, ఆ నవ్వుతోనే పద్యం వచ్చేస్తుంది. హైస్కూలుకొచ్చేసరికి అది భావం రాయమనే ప్రశ్న. సంసారం మొదలయ్యాక గరిటె, కడివ కొలతలు అర్థమవుతాయి: ఎంత తెచ్చామన్నది కాదు, ఏం తెచ్చామన్నది. మూడో పాదం మాత్రం చాలామందికి డెబ్బై దగ్గర పడ్డాకే తగులుతుంది. కొడుకింట్లోనో కూతురింట్లోనో పిలుపు కోసం కూర్చున్న జేజికి (అవ్వకు) సంగటి ముద్ద ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు. పెట్టిన చెయ్యి ఎలా పెట్టింది, పిలిచిన గొంతు ఎలా పిలిచింది, అదే లెక్క.

చిన్న శతకాల లోపం సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. చాలావాటిలో ఈ పద్యానికి 'కొంచెమైనా మంచిది మేలు' అన్నంత తాత్పర్యమే ఉంటుంది, మూడో పాదం గాల్లో కలిసిపోతుంది. పద్యం కిందే తాత్పర్యం ఉంటే కన్ను ముందు దానిమీదికే పోతుంది, పద్యం మీద ఆగదు. ప్రతిపదార్థం ఉండి, తాత్పర్యం లేనిది గానీ పుస్తకం చివర్లో వేసినది గానీ దొరికితే వదలొద్దు. కూడు, వేము, ఖరము లాంటి మాటలకు అర్థం తెలిస్తే చాలు, మిగతాది వయసే చెబుతుంది.

పిల్లల పుస్తకం పదేళ్లలోపు వాళ్లకు బాగుంటుంది. పచ్చి పద్యాలు తీసేయడం సబబే. అయితే కులాన్ని, ఆడంబర పూజల్ని కడిగేసిన పద్యాలు కూడా వాటితోపాటే ఎగిరిపోతుంటాయి. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకు వేమన కోపం బాగా దగ్గరవుతుంది, ఆ వయసులోనే వాళ్ల చేతిలో ఉప్పు, కప్పురం పద్యాలు తప్ప ఇంకేమీ ఉండవు. పదో తరగతికొచ్చిన పిల్లలకు పెద్ద సంకలనమే ఇవ్వండి. 'చిత్తశుద్ధి లేని శివపూజలేలయా' ఇరవై ఏళ్లప్పుడు ఎదుటివాళ్ల మీదికి విసరడానికి పనికొస్తుంది. యాభై దాటాక అదే ప్రశ్న మన పూజగదిలోకే వస్తుంది.

పెద్ద సంకలనం కొనేటప్పుడు ఒకటి తెలిసి ఉండాలి. ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ దొర 1829లో 693 పద్యాలు అచ్చు వేయించి, 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచాడు. తర్వాతి సంకలనాలు ఇంకా పెరిగాయి. వేమన పేరున చలామణి అయ్యేవన్నీ వేమనవి కావు. అకారాది వరసలో ఉంటే వెతకడానికి సుళువు గానీ, మొదటినుంచి చదివితే మూడు పేజీలకే విసుగొస్తుంది. నీతి పక్కన యోగం, దాని పక్కన పచ్చి మాట వచ్చి పడుతుంటాయి. చివర విషయసూచిక ఉన్నదే కొనండి. నచ్చిన పద్యం పక్కన అది ఏ ఏడాది నచ్చిందో పెన్సిలుతో రాసుకుంటూ పోతే, ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏది తగిలిందో ఆ పుస్తకంలోనే కనబడుతుంది.

అచ్చు పరీక్ష కొట్టు దగ్గరే చేసేయొచ్చు. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలది ఛందస్సులోవి. అందులో రెండు, నాలుగు పాదాలకు అయిదేసి సూర్యగణాలు. అంటే గలం (ఒక గురువు, ఒక లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ, వేరేదేదీ పడదు. మకుటం 'వినురా వేమ' అని ఉంటే గణం తప్పినట్టే, 'వినుర' అనే ఉండాలి. 'తినగ తినగ వేము తియ్యనుండు' పాదం తీసి చూడండి. 'తియ్యగ నుండు' అని ఉంటే ఒక అక్షరం ఎక్కువై నడక కుంటుతుంది. ఈ రెండు చోట్లా తప్పున్న పుస్తకంలో లోపల ఇంకెన్నో ఉంటాయి, పక్కన పెట్టేయండి.

పెద్దవాళ్ల కోసమైతే అక్షరం 16 పాయింట్లకు తగ్గకూడదు. పల్చటి కాగితమైతే వెనక పేజీ అచ్చు ఇవతలికి కనబడి ఒత్తులు చదవలేరు. పేజీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పిన్ను కొట్టిన పుస్తకం రోజూ తెరిచేవాళ్లకు నిలవదు, కుట్టినదే కొనాలి.

నలభై దాటి, చిన్నప్పటి పద్యాలన్నీ వచ్చేసినవాళ్లకు ఇంకో సంకలనం అక్కర్లేదు. 1928లో అనంతపురంలో సాహిత్య పండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా ఉన్నాయి, అవి తెప్పించుకోండి. వేమనను పొగడ్తల్లో ముంచకుండా, కవిగా తూచి చూపించిన రచన అది. చేతికందేలా పద్యాల పుస్తకం కూడా పక్కన పెట్టుకుని చదవాలి.