గూగుల్ క్యాలెండర్‌లో ‘వర్కింగ్ అవర్స్’: రెండు దేశాల మధ్య పనిచేసే ఇంజనీరు సమీక్ష

గూగుల్ క్యాలెండర్‌ను ఆఫీసు పనికి వాడబట్టి నాకు ఏడేళ్లయింది. అందులో ‘వర్కింగ్ అవర్స్’ అనే భాగాన్ని, అంటే మన పనివేళలను సహోద్యోగులకు చూపే అమరికను, మాత్రం మూడేళ్లుగానే శ్రద్ధగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ ఒక్క భాగం గురించి, దానికి ఆనుకుని ఉన్న రెండు మూడు సౌకర్యాల గురించి. మీటింగు ఎలా పెట్టాలి, ఆహ్వానం ఎలా పంపాలి వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రోజు ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్నింటికి ముగుస్తుంది, ఆ మధ్యలో ఏ గంట ఆఫీసుది, ఏ గంట ఇంటిది అన్న ప్రశ్న దగ్గర ఈ పనిముట్టు మనకు ఎంతవరకు అక్కరకొస్తుందో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా నా పని తీరు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా బృందంలో ఎనిమిది మందిమి. ఐదుగురం హైదరాబాద్ రాయదుర్గంలో కూర్చుంటాం, ముగ్గురు కాలిఫోర్నియాలో ఉంటారు. నా నియామక పత్రంలో భోజన విరామంతో కలిపి రోజుకు 9 గంటలు, వారానికి 5 రోజులు అని రాసి ఉంది. ఎన్నింటికి రావాలో, ఎన్నింటికి వెళ్లాలో అందులో లేదు. దీన్నే మా వాళ్లందరూ ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ అంటారు. నా మామూలు రోజు ఉదయం 8 గంటలకు, మా అమ్మాయి స్కూలు బస్సు ఎక్కిన మరు నిమిషంలో, రాత్రి అమెరికా వాళ్లు పంపిన కోడ్ మార్పులు చూడటంతో మొదలయ్యేది. పదిన్నరకు ఆఫీసు చేరి, సాయంత్రం ఐదున్నరకు ట్రాఫిక్ ముదరకముందే బయటపడి, వంట, హోంవర్కు ముగించి, రాత్రి 9:30కి మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుని స్టాండప్‌లో, అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో బృందమంతా చెప్పుకునే చిన్న మీటింగులో, కూర్చునేదాన్ని. నిజంగా పని చేసిన సమయం ఎనిమిదిన్నర గంటలే కావచ్చు. కానీ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా చూస్తే అది పద్నాలుగు గంటలకు పైగా పరుచుకుని ఉండేది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే నా దృష్టిలో ఇంజనీర్ల పనివేళల అసలు సమస్య. ‘రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారు’ అని అడిగేవారిలో చాలామంది మొదటి లెక్కనే అడుగుతారు.

వర్కింగ్ అవర్స్‌ను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకసారి అమర్చుకుంటే చాలు. నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, వారంలో ప్రతి రోజుకూ వేర్వేరు వేళలు పెట్టుకోవచ్చు, ఒకే రోజును ముక్కలుగా కూడా విడగొట్టుకోవచ్చు. సోమ, బుధ, శుక్రవారాలకు నేను ఉదయం 10:30 నుంచి సాయంత్రం 6:30 వరకు ఒకే ముక్క పెట్టుకున్నాను. మంగళ, గురువారాల్లో మాత్రం ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5:30 వరకు ఒకటి, రాత్రి 9:15 నుంచి 10:30 వరకు ఇంకొకటి ఉంటాయి. నా క్యాలెండర్ తెరిచిన సహోద్యోగికి ఈ వేళలు తెల్లగా, మిగతా సమయమంతా కాస్త మసకగా కనిపిస్తుంది. ఆ మసక భాగంలో ఎవరైనా నన్ను మీటింగుకు పిలవబోతే, ఆ సమయం నా పనివేళల్లో లేదని ఆహ్వానం పంపకముందే వారికి హెచ్చరిక వస్తుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా మట్టుకు కాదు. అంతకుముందు రాత్రి 8 గంటల మీటింగు వద్దని చెప్పాలంటే ప్రతిసారీ నేను ఒక మెయిల్ రాయవలసి వచ్చేది. అందులో అమ్మాయి భోజనం గురించో, అత్తగారి మందుల గురించో చెప్పుకోవలసి వచ్చేది. ఒకసారి చెబితే అర్థం చేసుకునేవారు. నాలుగోసారి చెప్పేటప్పుడు నాకే మొహమాటంగా ఉండేది. ఇప్పుడు కారణం చెప్పనవసరం లేదు. మా కాలిఫోర్నియా మేనేజరుకు హైదరాబాద్‌లో అది ఎంత రాత్రో మనసులో లెక్క కట్టుకునే శ్రమ కూడా తప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ లెక్క ఆయనకు గుర్తుండేది కాదు, అంతే.

రెండో టైమ్ జోన్‌ను చూపే సౌకర్యాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. తెరకు ఎడమ అంచున మన గంటల వరుస పక్కనే అవతలివారి గంటల వరుస కనిపిస్తుంది. వేసవిలో మన రాత్రి 9 గంటల గీతకు ఎదురుగా కాలిఫోర్నియా ఉదయం 8:30 ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చేయించే పని ఈ వరుస పెట్టించడం. మన సమయంలో అరగంట ముక్క ఉండటం వల్ల నోటితో లెక్క కట్టేవారు తరచుగా పొరబడతారు.

ఇక నవంబరు సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుపుతారు. మనకు ఆ పద్ధతి లేదు. అందువల్ల కాలిఫోర్నియాతో మన తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతకాలంలో పదమూడున్నర గంటలు. ప్రతి వారం పునరావృతమయ్యే మీటింగు ఏ టైమ్ జోన్‌లో తయారైతే ఆ జోన్ గడియారాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. మా స్టాండప్‌ను తయారుచేసింది అమెరికా సహోద్యోగి కాబట్టి వారి ఉదయం 9 గంటలు ఏడాది పొడవునా 9 గంటలుగానే ఉండేవి. మాకు మాత్రం ఆ నవంబరు ఆదివారం మర్నాటి నుంచి రాత్రి 9:30 కాస్తా 10:30 అయ్యేది. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ అడగలేదు, గంట జరిగిపోయేది. మా అమ్మాయి నా ఎడమ చేతి మీద తల పెట్టుకుని నిద్రపోతుంటే, చేయి కదపకుండా కుడిచేత్తో మ్యూట్ తీసి జవాబు చెప్పిన రాత్రులు ఆ శీతకాలంలో చాలా ఉన్నాయి. ‘అమ్మా, నిన్న తొమ్మిదిన్నరకే అయిపోతుందన్నావు కదా’ అని అది అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

దీనికి మందు క్యాలెండర్‌లోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మీటింగు సమయం పక్కనే టైమ్ జోన్ మార్చుకునే వీలుంటుంది. దాన్ని భారత సమయానికి మారిస్తే గంట జరిగేది అవతలివారికి. అయితే రాత్రి 9:30కే కట్టేస్తే శీతకాలంలో వారు ఉదయం 8 గంటలకే కూర్చోవాలి, అక్కడ కూడా పిల్లల్ని బడిలో దింపేవారున్నారు. తెరపై రెండు వరుసలూ పెట్టుకుని అందరం మాట్లాడుకున్నాక, శీతకాలంలో మాకు రాత్రి 10, వారికి ఉదయం 8:30 అని ఒప్పుకున్నాం. అరగంట వారిది, అరగంట మాది. దానికి తోడు వారానికి ఐదు స్టాండప్‌లను రెండుకు తగ్గించి, మిగతా మూడు రోజులూ ఎవరి పని వారు రాసి పెడుతున్నాం. నా రోజు ఇప్పుడు వారంలో మూడు సార్లు సాయంత్రం ఆరున్నరకే ముగుస్తోంది. ఉదయం 8 గంటల పని మానేసి ఆ కోడ్ మార్పులను ఆఫీసుకు వెళ్లాకే చూస్తున్నాను, దానివల్ల ఏ సాఫ్ట్‌వేర్ విడుదలా ఆగలేదు.

పరిమితుల దగ్గరికి వస్తే, పనివేళల అమరిక దేన్నీ ఆపదు, హెచ్చరిస్తుంది అంతే. హెచ్చరికను దాటి ఆహ్వానం పంపాలనుకునేవారు పంపవచ్చు. వచ్చిన ఆహ్వానాన్ని దానంతటదే తిరస్కరించాలంటే ‘అవుట్ ఆఫ్ ఆఫీస్’ గానీ, 2021లో వచ్చిన ‘ఫోకస్ టైమ్’ గానీ వాడుకోవాలి. ఫోకస్ టైమ్‌ను నేను మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు పెట్టుకుంటాను. కోడ్ రాయడానికి ముక్కలు కాని రెండు గంటలు దొరకడం ఎంత అవసరమో ఈ పని చేసేవారికి చెప్పనక్కర్లేదు. ఆ రెండు గంటలు పగలు దొరకకపోతే రాత్రి పదకొండు తర్వాత దొరుకుతాయి, రోజు పొడవెక్కేది అక్కడే. మీటింగు నిడివిని అరగంటకు బదులు 25 నిమిషాలు, గంటకు బదులు 50 నిమిషాలు చేసే ‘స్పీడీ మీటింగ్స్’ కూడా మంచిదే, అందరూ ఆ వేళకే మీటింగు ముగిస్తే.

ఆన్‌కాల్ బాధ్యతను, అంటే ఏ వేళ సర్వరు మొరాయించినా లేచి సరిచేయవలసిన వంతును, మాత్రం ఈ క్యాలెండర్ ఏమాత్రం లెక్కలోకి తీసుకోదు. మాకు అయిదు వారాలకొకసారి ఆన్‌కాల్ వంతు వస్తుంది. తెల్లవారుజామున 2 గంటలకు ఫోను మోగి, సర్వరు సరిచేసి 4 గంటలకు పడుకుంటే, మర్నాడు పదిన్నరకు నా వేళ ఎప్పటిలాగే తెల్లగా తెరుచుకుని ఉంటుంది. ఎవరో ఒకరు 11 గంటలకు మీటింగు పెడతారు. అందుకని ఆ రాత్రే, పడుకునే ముందు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా అవుట్ ఆఫ్ ఆఫీస్ పెట్టేస్తున్నాను. మా వాళ్లకు కూడా అదే చెప్పాను. నిద్రమత్తులో చేయవలసిన పని కాబట్టి చాలాసార్లు మరిచిపోతారు.

‘టైమ్ ఇన్‌సైట్స్’ అనే పట్టిక వారంలో మీటింగులకు ఎన్ని గంటలు పోయాయో, మన పనివేళల్లో ఇంకా ఎంత సమయం మిగిలిందో చూపుతుంది. ఇది మనకే కనిపిస్తుంది, మన పైవారికి కనిపించదు. ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే అది క్యాలెండర్‌లో రాసినదాన్నే లెక్కిస్తుంది. రాసిపెట్టకుండా రాత్రి చూసిన మెయిళ్లు, ఆదివారం చేసిన రిలీజు అందులోకి రావు. ఉదయం మొదటి పనికీ రాత్రి చివరి పనికీ మధ్య ఎంత దూరం ఉందో కూడా అది చెప్పదు. పని గంటలతో పాటు ఈ మొత్తం వ్యవధిని కూడా కొలవాలన్న ఆలోచన మన నిబంధనల్లో ఉన్నదే. తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల పనిని అనుమతించినప్పుడు, వారానికి 48 గంటల పరిమితితో పాటు విరామాలతో కలిపి ఒక రోజు పని 12 గంటలకు మించి సాగరాదని కూడా చెప్పింది. ఐటీ సంస్థలకు పనివేళల నిబంధనల నుంచి ఏళ్లుగా మినహాయింపులు ఉంటూ వచ్చాయన్నది వేరే మాట. నా పద్నాలుగు గంటల రోజును ఆ పన్నెండుతో పోల్చి చూసుకున్నప్పుడే నాకు గట్టిగా తగిలింది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఈ పనివేళల అమరిక సంస్థ తరఫున ఇచ్చిన ఖాతాల్లో ఉంటుంది. సొంత ఉచిత జీమెయిల్ ఖాతాతో ఫ్రీలాన్స్ పని చేసుకునేవారు దీన్ని ఆశించవద్దు. సంస్థ ఇచ్చిన ఖాతా ఉన్నా, సంస్థ తీరు సరిగా లేకపోతే ప్రయోజనం తక్కువే. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో కూడా ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ అనే చెప్పేవారు. కానీ గేటు దగ్గర కార్డు గీసిన సమయం నుంచి తొమ్మిది గంటలు పూర్తి కాకపోతే నెలాఖరులో వివరణ అడిగేవారు. ఇంటి నుంచి రాత్రి చేసిన పని ఆ లెక్కలోకి వచ్చేది కాదు. పనివేళలు పెట్టుకున్న మా సహోద్యోగిని ఒకరిని, క్లయింటుకు తప్పుడు సంకేతం వెళుతుందని చెప్పి, వాటిని తీసేయమన్నారు. ఆమె తీసేసింది. ఆరు నెలలకు ఉద్యోగమే మానేసింది. మంచి ఇంజనీరు. ఆమె వెళ్లిపోవడం ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

కాబట్టి నేను ఎవరికి సిఫారసు చేస్తానంటే, రెండు దేశాల మధ్య పనిచేసేవారికి, చిన్న పిల్లలో పెద్దవాళ్లో ఇంట్లో ఉన్నవారికి, అన్నిటికంటే ముందు ఇప్పుడే ఉద్యోగంలో చేరినవారికి. చేరిన మొదటి వారంలోనే పెట్టుకోండి. ఏడాదిపాటు ఎప్పుడు పిలిచినా పలికి, ఆ తర్వాత పెట్టుకుంటే అది కొత్తగా అడుగుతున్న కోరికలా కనిపిస్తుంది. పెట్టుకున్న వేళలు నిజమైనవిగా ఉండాలి. రాత్రి ఒక గంట ఇవ్వగలిగితే ఆ గంటను కూడా అందులో చూపించండి, ఇవ్వలేని రోజున చూపించకండి. తెల్లగా చూపించిన వేళలో మనం దొరకకపోతే, మసకగా ఉన్న వేళను అవతలివారు గౌరవించరు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆన్‌కాల్ రాత్రి తర్వాత మర్నాటి పనివేళ దానంతటదే వెనక్కు జరిగి, వారాంతంలో నా రోజుల మొత్తం వ్యవధి ఎంతో ఒక్క అంకెలో కనిపించిననాడు ఆ ఐదోది కూడా ఇస్తాను. అంతవరకు మార్చి రెండో ఆదివారానికీ, నవంబరు మొదటి ఆదివారానికీ వారం ముందు ‘స్టాండప్ సమయం చూసుకోవాలి’ అని అదే క్యాలెండర్‌లో నేనే రాసి పెట్టుకుంటున్నాను.