డబ్ల్యూడీ ఎలిమెంట్స్ 2 టీబీ: ఇంటి ఫొటోలు దాచుకోవడానికి కొన్న హార్డ్ డిస్కు

డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ ఎలిమెంట్స్ పోర్టబుల్ హార్డ్ డిస్కు, 2 టీబీది (అంటే రెండు వేల జీబీ), మా ఇంట్లో ఏడాదికి పైగా వాడుతున్నాం. ఫొటోలు, వీడియోలు, కాగితాల స్కాన్లు దాచుకోవడానికి ఇది బాగుందా అంటే బాగుంది. ఒకటి కొంటే చాలా అంటే చాలదు. హంగులున్న ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు ఇలాంటి మామూలువి రెండు కొని, రెండు ఊళ్లలో పెట్టుకోండి. ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలోకి నీళ్లు రాలేదు కానీ, సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్లు ఉండేది కింది వాటాలో. నీళ్లు తీసేశాక సాయానికి వెళ్లాం. ఇనప బీరువాలో ఉన్న పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే మనుషుల ముఖాలే ఊడి వస్తున్నాయి. బాబాయి చాలా జాగ్రత్త గల మనిషి. పాత ఫొటోలన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టుకున్నారు, వాటికి బ్యాకప్ కూడా తీసి పెట్టుకున్నారు. కానీ ఆ బ్యాకప్ డిస్కు ఉన్నది కంప్యూటర్ బల్ల సొరుగులోనే. ఆల్బమ్, కంప్యూటర్, డిస్కు మూడూ ఒకే గదిలో ఒకే నీళ్లలో మునిగాయి. ఆ రోజు పిన్ని ముఖం చూశాకే మా ఇంటి సంగతి ఆలోచించాను.

రెండో కాపీ ఖమ్మంలో బావగారి దగ్గర ఉంచుదామని ముందు అనుకున్నాం. కానీ ఇక్కడ బుడమేరు వచ్చిన రోజుల్లోనే అక్కడ మున్నేరు ఊరి మీద పడింది. ఒకే వాయుగుండం, ఒకే వాన, రెండు ఊళ్లూ మునిగాయి. ఫొటోగ్రాఫర్లు, కంప్యూటర్ వాళ్లు 3-2-1 అని ఒక సూత్రం చెబుతారు. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. ఆ వేరే చోటు ఎంత దూరం అన్నది మాత్రం మన నదుల్ని, మన తుఫాన్లని చూసి మనమే తేల్చుకోవాలి. నేను అనంతపురం అనుకున్నాను. అక్కడ మా చిన్నక్క ఉంది, పైగా ఇక్కడి వాన మామూలుగా అక్కడిదాకా వెళ్లదు.

ఇక కొనడం సంగతి. గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్లాను. ఆన్‌లైన్లో రెండు మూడు వందలు తక్కువే ఉంది. కానీ లోపల పలక తిరిగే వస్తువు కాబట్టి, పల్చటి కవర్లో ఎక్కడెక్కడో పడుతూ లేస్తూ రావడం నాకిష్టం లేదు. షాపు అబ్బాయి మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ఈ ఎలిమెంట్స్. రెండోది అదే కంపెనీ వాళ్ల మై పాస్‌పోర్ట్, దాంట్లో పాస్‌వర్డ్ తాళం, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. మూడోది పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పలక లేకుండా మెమరీ చిప్పుల్లో దాచేది. "మేడమ్, ఇప్పుడందరూ ఎస్‌ఎస్‌డీనే తీసుకుంటున్నారు, కింద పడినా ఏం కాదు, స్పీడు కూడా ఎక్కువ" అన్నాడు. ఆ మాట నిజమే. రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లకి ఎస్‌ఎస్‌డీయే మంచిది. నాకు కావలసింది బీరువాలో నెలల తరబడి కదలకుండా ఉండే వస్తువు. ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో దాస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంచితే ఆ ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. బాగా వాడి అరిగినదైతే, ఉంచిన చోటు వేడిగా ఉంటే అది ఇంకా తొందరగా జరుగుతుంది. హార్డ్ డిస్కుకి ఆ బాధ లేదు, అది అయస్కాంతం మీద రాస్తుంది. పైగా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనే డబ్బుతో అప్పుడు ఇవి రెండు వచ్చేవి. ఆరు వేల పైచిలుకు ఇచ్చి ఎలిమెంట్స్ తీసుకున్నాను. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను, మీరూ తప్పకుండా రాయించుకోండి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది.

ఆన్‌లైన్లో రెండు వేలకే 16 టీబీ అని ఊరించేవి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. లోపల చిన్న మెమరీ చిప్పు పెట్టి, కంప్యూటర్‌కి 16 టీబీ అని అబద్ధం చెప్పేలా తయారు చేస్తారు. నిండేదాకా బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ఎక్కించినవన్నీ చెడిపోతాయి. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూడొచ్చు.

డబ్బాలో డిస్కు, పొట్టి కేబులు, ఒక కాగితం. అంతే. నల్లటి ప్లాస్టిక్, అరచేతిలో పడుతుంది. వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ నుంచే తీసుకుంటుంది. పెట్టగానే విండోస్‌లో 1.81 టీబీ అని చూపిస్తుంది, కంగారు పడొద్దు. నేను లెక్కల టీచర్ని, మా పిల్లలకి ఇదే లెక్క చేయించాను. కంపెనీ వాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. రెండు లక్షల కోట్ల బైట్లను 1,024తో నాలుగుసార్లు భాగిస్తే ఇంచుమించు అదే వస్తుంది. ఎవరూ ఏమీ తినేయలేదు.

ఇది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో వస్తుంది, అంటే డిస్కులో ఫైళ్లని అమర్చే విండోస్ పద్ధతి. విండోస్ వాళ్లకి అలాగే వాడుకోవడం మేలు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయిది మ్యాక్. దాంట్లో ఈ డిస్కు తెరుచుకుంటుంది, ఫొటోలు చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, కానీ కొత్తవి ఎక్కించడం కుదరదు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే, ఏదైనా ఎక్కించకముందే రెండింటిలోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోకి మార్చుకోండి. తర్వాత మార్చాలంటే అన్నీ చెరిపేయాల్సి వస్తుంది.

మాకు ఎక్కించాల్సింది సుమారు 740 జీబీ. 2006 నుంచి తీసిన ఫొటోలు, క్యాసెట్టు నుంచి మార్పించిన మా పెళ్లి వీడియో, నాన్నగారి ఉత్తరాల స్కాన్లు, అత్తగారు పాడిన మంగళహారతులు ఫోన్లో రికార్డు చేసినవి. ఆ పాటలు ఎక్కడా పుస్తకంలో లేవు, ఆవిడ నోట్లోనే ఉన్నాయి. నాకు అన్నిటికంటే విలువైనవి అవే.

వేగం దగ్గర కొంచెం వివరంగా చెప్పాలి. పెద్ద వీడియో ఫైళ్లు సెకనుకి 100 ఎంబీ దాటి వెళ్తాయి. ఆ లెక్కన మొత్తం రెండు గంటల్లో అయిపోవాలి, కానీ అవదు. వేలకొద్దీ చిన్న ఫొటోలు వచ్చేసరికి వేగం పడిపోతుంది, ఆగకుండా చాలాసేపు రాస్తే ఇంకా పడిపోతుంది. అది ఏ ఒక్క కంపెనీ లోపమో కాదు. ఈ సైజు పోర్టబుల్ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ అనే పద్ధతి వాడతారు. తక్కువ చోటులో ఎక్కువ పట్టడానికి లోపలి వరుసల్ని పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా రాస్తారు. కొత్తది రాసే తీరు అలా ఉంటుంది కాబట్టి, మధ్యలో ఒకటి మార్చాలంటే దాని పక్కవాటినీ తిరిగి రాయాలి. ఒకసారి రాసి దాచిపెట్టుకునే ఫొటోలకి దీనివల్ల నష్టం లేదు. రోజూ వీడియో ఎడిటింగ్ దీని మీదే చేద్దామనుకునేవాళ్లు మాత్రం కొనొద్దు. ఇంకొకటి, ల్యాప్‌టాప్‌లో లోపల నీలం రంగున్న యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులోనే పెట్టండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే సెకనుకి 35, 40 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. మొదటి కాపీ రాత్రి పడుకునే ముందు పెట్టేసి వదిలేయడమే సుఖం.

రాత్రి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ డిస్కు పనిచేసేటప్పుడు చుట్టూ వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని కంపెనీయే చెబుతుంది. మన ఊళ్లో రోహిణి కార్తెలో మధ్యాహ్నం గదిలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఎండాకాలం నేను ఏసీ గదిలో రాత్రిపూట తప్ప దీన్ని ముట్టుకోను. బీరువాలో ఊరికే ఉన్నప్పుడైతే అంతకంటే ఎక్కువ వేడిని కూడా తట్టుకుంటుంది. తేమకి మాత్రం స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడతాను.

ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావని స్టాఫ్‌రూములో అందరూ అడుగుతున్నారు. ఫ్రీఫైల్‌సింక్. ఉచితమే. దాంట్లో ఉన్న పద్ధతుల్లో మిర్రర్, అప్‌డేట్ అనేవి ముఖ్యం, ఈ తేడా మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. మిర్రర్ అంటే ల్యాప్‌టాప్‌లో ఏముందో డిస్కులోనూ సరిగ్గా అదే ఉండేలా చేయడం. ల్యాప్‌టాప్‌లో పిల్లలు పొరపాటున ఒక ఫోల్డర్ తీసేశారనుకోండి, తర్వాతి మిర్రర్‌లో డిస్కులో ఉన్నది కూడా పోతుంది. అప్‌డేట్ అలా కాదు, కొత్తవి, మారినవి చేరుస్తుంది, ఏదీ తీసేయదు. ఇంటి ఫొటోలకి అప్‌డేటే వాడండి. చోటు కొంచెం ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. క్లౌడులో సింక్ పెట్టుకున్నాం కదా, అదే బ్యాకప్ అనుకునేవాళ్లకి కూడా ఇదే మాట. ఫోన్లో తీసేస్తే అక్కడా పోతుంది. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 నుంచి ఎక్కించినవన్నీ 15 జీబీ ఉచిత కోటాలోకే వస్తాయి. మెయిల్, డ్రైవ్ కూడా అందులోనే. ఒక్క పెళ్లికి వెళ్లొస్తే ఎంత నిండుతుందో చూడండి.

బంధువుల దగ్గర ఫొటోలు పోగేసేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపమనకండి. సైజు తగ్గించి పంపుతుంది, ప్రింటు వేయిస్తే మసకగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అసలు ఫైలు వస్తుంది.

పాస్‌వర్డ్ తాళం లేని డిస్కే కావాలని ఎందుకు తీసుకున్నానంటే, ఈ ఫొటోలు నాతో ఆగిపోకూడదు. రేపు నేను ఉన్నా లేకపోయినా పిల్లలు కేబులు పెట్టగానే తెరుచుకోవాలి. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు, రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్లు మాత్రం 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఒక ఫైలుగా చేశాను. ఆ పాస్‌వర్డ్ మా ఆయనకీ, చిన్నక్కకీ తెలుసు. విండోస్ ప్రో ఉన్నవాళ్లు అందులోనే ఉండే బిట్‌లాకర్‌తో మొత్తం డిస్కుకే తాళం వేసుకోవచ్చు, హోమ్ ఎడిషన్‌లో తాళం వేయడం కుదరదు.

వాడేటప్పుడు ముఖ్యంగా చూసుకోవలసింది ఆ చిన్న పోర్టుని. ఈ రకం డిస్కుల్లో చాలావాటికి ఇంకా వెడల్పాటి మైక్రో-బీ పోర్టే ఉంటుంది. ఫోన్ల టైప్-సీ కేబులు దీనికి పట్టదు. పోర్టబుల్ డిస్కులు కొన్నింటిలో ఆ పోర్టు లోపలి బోర్డు మీదే అతికి ఉంటుంది. అది విరిగితే పైడబ్బా మార్చి వాడుకోవడం కుదరదు, రికవరీ వాళ్ల దగ్గరికి పోవాల్సిందే, వాళ్ల ఫీజు డిస్కు ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని కేబులు పట్టుకుని వేలాడదీయకండి, లోపల పలక తిరుగుతున్నప్పుడు కదపకండి, ఎజెక్ట్ కొట్టి లైటు ఆగాకే తీయండి.

రెండో డిస్కు తోషిబా కాన్వియో బేసిక్స్, అదీ 2 టీబీయే. కావాలనే వేరే కంపెనీది తీసుకున్నాను. ఒకే కంపెనీవి ఒకే రోజు కొంటే రెండూ ఒకే బ్యాచ్‌వి కావచ్చు. తయారీలో ఏదైనా లోపం ఉంటే రెండింటికీ ఉంటుంది. సంక్రాంతికి చిన్నక్క ఇక్కడికి వచ్చేటప్పుడు తన దగ్గరున్నది తెస్తుంది, కొత్తగా నింపినది పట్టుకెళ్తుంది. దసరా సెలవుల్లో మేం వెళ్లి మళ్లీ మారుస్తాం. రైల్లో చేతి సంచిలో, టవల్లో చుట్టి. తన ఇంటి ఫొటోలకి కూడా అందులోనే ఒక ఫోల్డర్ పెట్టాను. అలా తన వాటికీ విజయవాడలో ఒక కాపీ ఉన్నట్టయింది.

మార్చిన ప్రతిసారీ డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తాను. దాంట్లో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చాలు. వాటి ఎదురుగా రా వాల్యూస్ అనే గడిలో సున్నాలుంటే సరే. ఆ అంకెలు పెరుగుతుంటే డిస్కులో చోట్లు చెడిపోతున్నట్టు, వెంటనే కొత్తది కొనాలి. ఆ తర్వాత ఏవో కొన్ని ఫోల్డర్లు తెరిచి ఫొటోలు, వీడియోలు నిజంగా తెరుచుకుంటున్నాయా అని చూస్తాను. అత్తగారి పాట ఒకటి మొత్తం వింటాను. తెరిచి చూడని కాపీని నేను లెక్కలో వేయను.

వారంటీ అంటే డిస్కుకే, అందులో ఉన్నవాటికి కాదు. చెడిపోతే వేరేది ఇస్తారు, పాతది వాళ్లే తీసుకుంటారు. తాళం లేని కాగితాలు అందులో ఉంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

సైజు విషయానికొస్తే, నేను కొన్నప్పుడు 1 టీబీకీ 2 టీబీకీ ధరలో పెద్ద తేడా లేదు, 1 టీబీ దండగ అనిపించింది. వీడియోలు ఎక్కువగా తీసేవాళ్లు తప్ప ఇంటివరకు 4 టీబీ అక్కర్లేదు. మా వదిన 4 టీబీ ఒకటి కొనబోతుంటే ఆపి, 2 టీబీవి రెండు తీసుకోమన్నాను. ఒకటి తీసుకుంది. రెండోది వచ్చే నెల జీతాలు పడ్డాక, వేరే కంపెనీది.